నాలుగు లేత్‌ల షెడ్డులోకి సీఎన్‌సీ తెచ్చే ముందు

జీడిమెట్లలో నాలుగు లేత్‌లు, ఒక మిల్లింగ్, ఒక రేడియల్ డ్రిల్లింగ్ మెషిన్‌తో జాబ్ వర్క్ చేస్తున్నానని రాశారు. మీకు పని ఇచ్చే పాత పార్టీ, అంటే కస్టమర్, ఒకరు "ఇకమీదట సీఎన్‌సీ ఉన్నవాళ్లకే ఆర్డర్లు" అన్నారట. సీఎన్‌సీ అంటే కంప్యూటర్ ప్రోగ్రామ్ ప్రకారం తనే కోసే మెషిన్. లోన్ పెట్టి కొనాలా, కొత్తదా సెకండ్ హ్యాండా, ముందు టర్నింగ్ సెంటరా (సీఎన్‌సీ లేత్) వీఎంసీయా (సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్), ఏ కంపెనీది అని అడిగారు. యాభై దాటిన మీ టర్నర్‌ సంగతేంటని చివర్లో ఒక మాట కలిపారు. బాలానగర్‌లో లేత్ మీద మొదలుపెట్టి తర్వాత సీఎన్‌సీ షాపు నడిపినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

కొనండి, తప్పులేదు. కానీ కొటేషన్లు తెప్పించుకునే ముందు గత ఆరు నెలల డెలివరీ చలాన్లు బయటికి తీయండి. ఏ జాబ్ ఎన్నిసార్లు వచ్చింది, ఒక్కోసారి ఎన్ని పీసులు, లేత్ మీద పీసుకు ఎన్ని నిమిషాలు పట్టింది అన్నది ఒక నోటు పుస్తకంలో రాయండి. మెషిన్ ధర ఎంత అని అందరూ అడుగుతారు. నెలకు అది ఎన్ని గంటలు మెటల్ కోస్తుంది అని మాత్రం చాలామంది రెండు మూడు ఈఎంఐలు కట్టాక గానీ అడగరు. అసలు ప్రశ్న అదే.

లెక్క వేసి చూపిస్తాను. ఈ అంకెలు ఉదాహరణకే, మీవి పెట్టుకుని మార్చుకోండి. మెషిన్, హైడ్రాలిక్ చక్ (జాబ్‌ను పట్టి తిప్పేది), టూల్ హోల్డర్లు, స్టెబిలైజర్, కంప్రెసర్ అన్నీ కలిపి 25 లక్షలు అయ్యాయనుకుందాం. 5 లక్షలు మీవి, 20 లక్షలు బ్యాంకువి. 11 శాతం వడ్డీతో ఐదేళ్లకు ఈఎంఐ దాదాపు 43,500 పడుతుంది. ఒక షిఫ్టుకు ఆపరేటర్ జీతం 22,000, కరెంటు 10,000, ఇన్సర్టులు (టూల్ కొసకు బిగించే కోత ముక్కలు), డ్రిల్లులు కలిపి 15,000, కూలెంట్, ఆయిల్, ఇన్సూరెన్స్, మెయింటెనెన్స్ 7,000, షెడ్డు అద్దెలో దాని వాటా 7,500. మొత్తం 1,05,000. నెలకు 25 రోజులు, రోజుకు ఎనిమిది గంటలు అంటే 200 గంటలు. అందులో ఐదో వంతు మెటీరియల్ కోసం ఎదురుచూపులకు, కరెంటు కోతలకు, సెలవులకు పోతుంది. మిగిలేవి 160. గంటకు ఖర్చు సుమారు 655 రూపాయలు తేలింది.

రెండో షిఫ్టు పెడితే ఈఎంఐ, అద్దె పెరగవు. ఆపరేటర్, కరెంటు, టూల్స్ రెట్టింపవుతాయి, మెయింటెనెన్స్ కొంచెం పెరుగుతుంది. మొత్తం 1,55,000, గంటలు 320. గంటకు 485. పార్టీ మీకు గంటకు 500 లెక్కన రేటు ఇస్తే ఒక్క షిఫ్టులో ప్రతి గంటకూ 155 చేతి నుంచి పడుతుంది, రెండు షిఫ్టుల్లో 15 మిగులుతుంది. మీ జీతం, మీరు పెట్టిన 5 లక్షల మీద వడ్డీ ఇందులో లేవు. లోన్ తీరాక కథ మారుతుంది, కానీ ఆ ఐదేళ్లు గడవాలి కదా. అందుకే రెండో షిఫ్టుకు సరిపడా పని నోటు పుస్తకంలో కనిపించకపోతే, కొనే ఆలోచన ఇంకో ఆరు నెలలు వాయిదా వేసి ఆ జాబులను పక్క షెడ్డులోని సీఎన్‌సీ మీద బయట చేయించండి. రేటు ఎంత నిలుస్తుందో, రిజెక్షన్ ఎంత వస్తుందో అక్కడే తెలిసిపోతుంది, అదీ వేరేవాళ్ల ఈఎంఐ మీద.

ఇక బ్యాచ్ సంగతి. ఒక ఫ్లాంజ్ బుష్ తీసుకోండి, మెటీరియల్ ఈఎన్8 అనే స్టీల్. లేత్ మీద సెట్టింగ్‌కు 20 నిమిషాలు, పీసుకు 18 నిమిషాలు. సీఎన్‌సీ మీద కొత్త జాబ్ అయితే సెట్టింగ్‌కు గంటన్నర, పీసుకు జాబ్ ఎక్కించడం దింపడంతో కలిపి 5 నిమిషాలు. టైమ్ మాత్రమే చూస్తే ఆరో పీసుకే సీఎన్‌సీ గెలుస్తుంది, సేల్స్‌మన్ చూపించేదీ అదే. డబ్బులో చూడండి. లేత్ గంటకు 200, సీఎన్‌సీ గంటకు 480 పెట్టుకుంటే 32 పీసుల దాకా లేతే చౌక, 33వ పీసు నుంచి సీఎన్‌సీ చౌక. మీకు వచ్చేవి పదీ ఇరవై పీసుల బ్యాచ్‌లయితే ఎంత వేగంగా కోసినా లాభం లేదు.

అయితే అదే జాబ్ రెండోసారి వచ్చినప్పుడు ప్రోగ్రామ్ మెమరీలో ఉంటుంది, జాలు (చక్‌లో జాబ్‌ను పట్టే దవడలు) ఆ సైజుకు బోర్ చేసి ఉంటాయి. అప్పుడు సెట్టింగ్ 40 నిమిషాలకు దిగితే 13 పీసులకే సీఎన్‌సీ లాభంలోకి వస్తుంది. 33 నుంచి 13కి. చిన్న షాపు బతికేది ఇక్కడే. పెద్ద కంపెనీలు వేల పీసులు నడుపుతాయి కాబట్టి సెట్టింగ్ టైమ్ వాళ్లను అంతగా బాధించదు, సైకిల్ టైమ్‌లో సెకన్లు తగ్గించుకుంటారు. మనకు సెకన్లు తర్వాత, ముందు సెట్టింగ్ నిమిషాలు.

అవి ఎలా తగ్గుతాయంటే, ముందు టరెట్ (టూల్స్ బిగించి ఉండే తిరిగే తల) దగ్గర మొదలుపెట్టండి. ఎనిమిది స్టేషన్లు ఉంటే ఆరింటిలో మీకు రోజూ వాడుకలో ఉండే టూల్స్ శాశ్వతంగా ఉంచేయండి. రఫింగ్‌కు సీఎన్ఎంజీ 120408 ఇన్సర్టు, ఫినిషింగ్‌కు ఒకటి, బోరింగ్ బార్, గ్రూవింగ్, థ్రెడింగ్, డ్రిల్. జాబ్ మారినా టూల్ నంబరు మారకూడదు. ప్రోగ్రామ్ రాసేవాడు ఎవరైనా రెండో నంబరంటే ఫినిషింగ్ టూల్ అనే రాయాలి. మిగిలిన రెండు స్టేషన్లే జాబ్‌ను బట్టి మారతాయి. ఈ ఒక్క అలవాటుతోనే ఆఫ్‌సెట్లు (ఒక్కో టూల్ కొస ఎక్కడుందో మెషిన్‌కు చెప్పే కొలతలు) తీసే పని చాలావరకు పోతుంది.

తర్వాత సాఫ్ట్ జాలు, అంటే జాబ్ సైజుకు మనమే కోసుకునే మెత్తని జాలు. ఒక్కో జాబ్ కుటుంబానికి ఒక సెట్టు ఉంచుకుని దాని మీద నంబరు కొట్టండి, అదే నంబరు డ్రాయింగ్ మీద, ప్రోగ్రామ్ మొదటి లైన్లో ఉండాలి. బోర్ చేసేటప్పుడు జాలు ఖాళీగా మూసి బోర్ చేయకూడదు. రింగు పట్టించి, జాబ్‌కు వాడబోయే ప్రెషర్ మీదే చేయాలి. సన్నని గోడ ఉన్న బుష్‌లకు ప్రెషర్ ఎక్కువ పెడితే చక్‌లో ఉన్నంతసేపు బోర్ గుండ్రంగానే చూపిస్తుంది, వదిలాక మూడు చోట్ల నొక్కుకుపోయి కనిపిస్తుంది. పార్టీ దగ్గర రిజెక్ట్ అయ్యే మాల్లో ఈ రకం చాలా ఉంటుంది, ఆపరేటర్ మాత్రం "మెషిన్ మీద సైజ్ కరెక్టే సార్" అని ప్రమాణం చేస్తాడు. అతను చెప్పేదీ నిజమే.

ఇంకొకటి, ఒక జాబ్ నడుస్తుండగానే తర్వాతి జాబ్‌కు మెటీరియల్ కట్ చేసి, ఇన్సర్టులు, గేజ్‌లు, డ్రాయింగ్ అన్నీ ఒక ట్రేలో పెట్టి మెషిన్ పక్కన ఉంచాలి. మెషిన్ ఆగాక ప్లగ్ గేజ్ కోసం వెతుక్కుంటూ తిరిగే షాపులు నేను చాలా చూశాను. 25 లక్షల మెషిన్ ఆగి ఉంటుంది, ఓనర్ బైకు మీద ఇన్సర్టు తేవడానికి పోయి ఉంటాడు.

ఇప్పుడు మీ టర్నర్ గారు. ఆయన్ను తీసేసి సీఎన్‌సీ ఆపరేటర్‌ను పెట్టుకుందామనే ఆలోచన ఉంటే మానుకోండి. హైదరాబాద్‌లో ప్రాగా టూల్స్, హెచ్ఎంటీ, ఆల్విన్ లాంటి చోట్ల పని నేర్చినవాళ్లు, వాళ్ల దగ్గర నేర్చినవాళ్లు కలిసే ఈ చిన్న షెడ్లను నిలబెట్టారు. ఆయనకు జీ కోడ్, అంటే సీఎన్‌సీ ప్రోగ్రామ్ భాష, రాకపోవచ్చు. కానీ ఏ జాబ్‌ను ఎక్కడ పట్టుకోవాలి, ఏ వైపు ముందు కొట్టాలి, ఏది వంగుతుంది, చాటర్ (టూల్ వణికే) శబ్దం వస్తే ఓవర్‌హ్యాంగ్ (టూల్ బయటికి పొడుచుకొచ్చిన పొడవు) తగ్గించాలా స్పీడ్ తగ్గించాలా అన్నది ఆయనకు చేతిలో ఉంది. ప్రోగ్రామ్ ఈ నిర్ణయాలు తీసుకోదు, ఎవరో తీసుకున్నాక వాటిని తిరిగి తిరిగి అమలు చేస్తుందంతే. ఐటీఐ గానీ డిప్లొమా గానీ చేసిన కుర్రాణ్ణి ఆయన పక్కన పెట్టండి. స్క్రీన్ కుర్రాడిది, సెట్టింగ్ ఆయనది. ఆయన్ను "సెట్టర్" అని పిలవండి, జీతం కూడా అలాగే పెంచండి. పేరు మార్చి జీతం మార్చకపోతే ఆయనకు అర్థమైపోతుంది.

ఆయన్ను ఇబ్బంది పెట్టేది ఒక్కటే, స్పీడ్. ఆయన జీవితమంతా హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్‌తో నిమిషానికి 25, 30 మీటర్ల వేగం మీద కోసి ఉంటాడు. కోటెడ్ కార్బైడ్‌తో ఈఎన్8 మీద 200 మీటర్లు మామూలు. 100 మిల్లీమీటర్ల డయా మీద అంటే దాదాపు 640 ఆర్‌పీఎం, 20 డయాకు వచ్చేసరికి 3,180. మొదట్లో భయంతో ఫీడ్ ఓవర్‌రైడ్ నాబ్ (టూల్ ముందుకు కదిలే వేగం మార్చేది) 50 శాతానికి తిప్పి పెట్టేస్తారు. చిప్ విరగక పొడుగ్గా దారంలా చుట్టుకుంటుంది, దాన్ని చూసి ఇంకా తగ్గిస్తారు. నిజానికి కొన్నిసార్లు ఫీడ్ పెంచితేనే చిప్ విరుగుతుంది. ఇది నోటితో చెబితే నమ్మరు, ఇన్సర్టు కంపెనీ అప్లికేషన్ ఇంజినీరును పిలిపించి మీ జాబ్ మీదే చేసి చూపించమనండి. ట్రయల్‌కు సాధారణంగా వాళ్లు డబ్బు అడగరు.

ప్రోగ్రామింగ్ మీ ఇంట్లో ఒకరికి రావాలి. మీకో, మీ తమ్ముడికో, కూతురికో కొడుకుకో. ఆపరేటర్ రెండు వేలు ఎక్కువిస్తామంటే పక్క గల్లీకి వెళ్లిపోతాడు, అందులో అతని తప్పేమీ లేదు. అతనితో పాటు ప్రోగ్రాములూ వెళ్లిపోతేనే షాపు ఆగిపోతుంది. బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, మనం సీఐటీడీ అంటాం, అక్కడ సీఎన్‌సీ మీద స్వల్పకాలిక కోర్సులు ఉంటాయి. మెషిన్ వచ్చాక కాదు, ఆర్డర్ పెట్టిన రోజే చేరండి.

ఢీకొట్టుకునే ప్రమాదాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే టరెట్ ఒకసారి చక్‌కు తగిలితే ఆ నెల లాభం పోయినట్టే. ఫానక్ కంపెనీ కంట్రోల్‌లో, అంటే మెషిన్‌ను నడిపే కంప్యూటర్‌లో, మామూలు సెట్టింగ్ మీద ఎక్స్10 అని చుక్క లేకుండా కొడితే అది 10 మిల్లీమీటర్లు కాదు, 10 మైక్రాన్లు. చుక్క మరిచిపోయినందుకు టూల్ నేరుగా సెంటర్ దాకా దూసుకొస్తుంది. ఆఫ్‌సెట్ పేజీలో "ఇన్‌పుట్" నొక్కితే పాత అంకె పోయి కొత్తది కూర్చుంటుంది, "ప్లస్ ఇన్‌పుట్" నొక్కితే పాతదానికి కలుస్తుంది. రాత్రి షిఫ్టులో నిద్రమత్తులో ఒకదానికి బదులు ఇంకొకటి నొక్కేస్తారు. జీ96 (డయా తగ్గేకొద్దీ స్పిండిల్ వేగం పెంచే కోడ్) వాడుతూ జీ50తో స్పీడ్‌కు హద్దు పెట్టకపోతే ఫేసింగ్‌లో సెంటర్ దగ్గరికి వచ్చేకొద్దీ స్పిండిల్ గరిష్ఠ వేగానికి పోతుంది, బరువైన జాబ్ సరిగ్గా పట్టుకోకపోతే చక్ నుంచి ఎగురుతుంది. ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం. కొత్త ప్రోగ్రామ్ మొదటి పీసు ఎప్పుడూ సింగిల్ బ్లాక్‌లో (ఒక్కో లైన్ చొప్పున), ర్యాపిడ్ (కోయనప్పటి వేగపు కదలిక) 25 శాతం మీద, తలుపు మూసి, ఫీడ్ హోల్డ్ (కదలిక ఆపే బటన్) మీద వేలు ఉంచి నడపాలి. ఎంత అర్జెంటు అయినా సరే.

కొలతల దగ్గర ఇంకో చిక్కు. మెషిన్ నుంచి వేడిగా తీసిన పీసును వెంటనే కొలిస్తే సైజ్ తప్పు చూపిస్తుంది. 100 మిల్లీమీటర్ల స్టీల్ పీసు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 23 మైక్రాన్లు పెరుగుతుంది. టాలరెన్స్ 20 మైక్రాన్లు ఉన్న జాబ్‌లో అదే మొత్తం తినేస్తుంది. మే నెల ఎండల్లో ఏసీ లేని షెడ్డులో పొద్దున వేసిన ఆఫ్‌సెట్ మధ్యాహ్నానికి పనికిరాదు. వెర్నియర్ మీద ఆధారపడే షాపు సీఎన్‌సీ కొని ఉపయోగం లేదు. మైక్రోమీటర్లు, బోర్ గేజ్, మాస్టర్ రింగులు, వాటికి కాలిబ్రేషన్ సర్టిఫికెట్లు, ఇవన్నీ బడ్జెట్‌లో వేయండి.

షెడ్డు, కరెంటు గురించి త్వరగా చెప్పేస్తాను. శాంక్షన్ లోడ్ సరిపోతుందో లేదో ముందే చూసుకోండి, అదనపు లోడ్‌కు అప్లై చేసి మెషిన్ వచ్చాక ఎదురుచూస్తూ కూర్చుంటే ఈఎంఐ ఆగదు. సర్వో స్టెబిలైజర్ తప్పనిసరి. మెషిన్‌కు విడిగా ఎర్తింగ్ గుంత వేయించండి, న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య వోల్టేజీ రెండు మూడు వోల్టులు దాటకూడదు. డ్రైవ్ కార్డు కాలిపోయిందనే ఫిర్యాదులు విన్న ప్రతిసారీ నేను ముందు ఎర్తింగ్ గురించే అడుగుతాను. గ్రైండింగ్ మెషిన్ పక్కన పెట్టొద్దు, ఆ దుమ్ము స్లైడ్లలోకి పోతుంది. ప్యానెల్ ఏసీ పాడైతే తలుపు తెరిచి టేబుల్ ఫ్యాన్ పెట్టే అలవాటు మన దగ్గర బాగా ఉంది, ఆ నూనె దుమ్మంతా బోర్డుల మీద పేరుకుంటుంది.

సెకండ్ హ్యాండ్ గురించి. మీకు ఇది మొదటి మెషిన్, మీ దగ్గర ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లు లేరు. కాబట్టి నా ఓటు కొత్తదానికే. పాతది సగం ధరకు వస్తుంది నిజమే, కానీ అది ఆగిన రోజున మీరు ఎవరికి ఫోన్ చేస్తారు? అయినా కొనాలనుకుంటే కరెంటు ఉన్న చోట, మెషిన్ నడుస్తుండగా చూడండి. డయల్ పెట్టి రెండు యాక్సిస్‌ల బ్యాక్‌లాష్ (స్క్రూలో వదులు) చూడాలి. స్పిండిల్‌ను పై స్పీడ్ మీద అరగంట తిప్పి బేరింగ్ శబ్దం వినాలి, చేయి పెట్టి వేడి చూడాలి. టరెట్‌ను అన్ని స్టేషన్లకూ తిప్పించాలి. మీ జాబ్ ఒకటి తీసుకెళ్లి ఇరవై ముప్పై పీసులు వరసగా కొట్టించి, మొదటిదానికి చివరిదానికి సైజ్ ఎంత జరిగిందో కొలవండి. పెయింట్ కొత్తగా మెరుస్తుంటే ఇంకా జాగ్రత్త. పారామీటర్ల (మెషిన్ లోపలి సెట్టింగ్‌ల) బ్యాకప్ కార్డులో తీసి ఇవ్వమనండి. కొత్తదైనా పాతదైనా కంట్రోల్ బ్యాటరీ మార్చేటప్పుడు మెషిన్ ఆన్‌లో ఉండాలి, ఆఫ్ చేసి మారిస్తే పారామీటర్లు ఎగిరిపోయే ప్రమాదం ఉంది, తర్వాత సర్వీస్ ఇంజినీరు వచ్చేదాకా అది ఇనుప పెట్టె.

టర్నింగా వీఎంసీయా అన్నదానికి, మీరు చెప్పిన జాబుల్లో బుష్‌లు, పిన్నులు, ఫ్లాంజ్‌లే ఎక్కువ. టర్నింగ్ సెంటరే కొనండి. ఫ్లాంజ్ మీద నాలుగు రంధ్రాల కోసం వీఎంసీ అక్కర్లేదు, మీ రేడియల్ మీద జిగ్గుతో సాగుతుంది. టర్నింగ్ నిలదొక్కుకున్నాక కూడా రోబో, గ్యాంట్రీ అని ఎవరైనా బ్రోషర్లు చూపిస్తే తొందరపడొద్దు. బార్ నుంచి కోసే చిన్న పిన్నులుంటే బార్ పుల్లర్ (బార్‌ను ముందుకు లాగే చిన్న పరికరం) ఒకటి టరెట్‌లో పెట్టండి, చాలా తక్కువ ఖర్చు. భోజనం టైమ్‌లో కూడా మెషిన్ నడుస్తుంది.

పార్టీ మాట గురించి కటువుగానే చెబుతాను. "మెషిన్ పెట్టు, ఫుల్ లోడ్ ఇస్తా" అన్న మాట నోటితో వచ్చింది, ఈఎంఐ మాత్రం కాగితం మీద ఉంటుంది. ఏ జాబులు, నెలకు సుమారు ఎన్ని పీసులు, రేటు ఎన్నాళ్లు మారదు, మెటీరియల్ వాళ్లే ఇస్తే రిజెక్షన్‌కు ఎంత డెబిట్ వేస్తారు, ఇవి కనీసం ఒక ఈమెయిల్లోనైనా తీసుకోండి. ఒక్క పార్టీనే నమ్ముకుని వీఎంసీ పెట్టి, ఆ పార్టీ ప్లాంటు వేరే రాష్ట్రానికి మారాక మెషిన్ అమ్ముకున్న యూనిట్ నాకు తెలుసు. సగానికి మించిన గంటలు ఒక్కరికే ఇవ్వకుండా చూసుకోండి. ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ నంబరు ప్రతి ఇన్‌వాయిస్ మీద వేయండి. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది. ఆ గడువు దాటిన బాకీని కొన్నవాళ్లు కట్టేదాకా తమ ఖర్చుగా చూపించుకోలేరని 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) అనే సెక్షన్‌గా 2024 ఏప్రిల్ 1 నుంచి నిబంధన వచ్చింది. కేసు పెట్టకపోయినా, మార్చి నెలలో పార్టీ అకౌంటెంట్‌కు ఈ మాట గుర్తుచేస్తే పేమెంట్ కదులుతుంది.

లోన్‌కు తాకట్టు పెట్టేది లేకపోతే సీజీటీఎంఎస్ఈ (తాకట్టు లేని చిన్న సంస్థల లోన్లకు హామీ ఇచ్చే ట్రస్టు) గ్యారంటీ కింద అడగండి, మీ సైజ్ లోన్ దాని పరిమితిలోకే వస్తుంది. గ్యారంటీ ఫీజు మీ మీదే పడుతుంది, వడ్డీతో కలిపి లెక్క వేయండి. మెషిన్ మీద 18 శాతం జీఎస్టీ క్రెడిట్‌గా తిరిగొస్తుంది గానీ అది సర్దుబాటయ్యేదాకా ఆ డబ్బు ఇరుక్కుపోతుంది. 20 లక్షల మెషిన్‌కు అది 3.6 లక్షలు, లోన్లో కలిపించుకోండి లేదా చేతిలో ఉంచుకోండి. ఆ జీఎస్టీని మెషిన్ విలువలో కలిపి డిప్రిసియేషన్ తీసుకుంటే క్రెడిట్ రాదని మీ ఆడిటర్‌కు ముందే చెప్పండి. మొదటి మూడు నెలలు మెషిన్ నేర్చుకోవడానికే పోతాయి కాబట్టి లోన్ అసలు కట్టడం మొదలుపెట్టడానికి ఆరు నెలల వ్యవధి అడగండి. అడగకపోతే బ్యాంకు తనంతట తాను ఇవ్వదు.

ఏ కంపెనీ అంటే, బెంగళూరు ఏస్, బీఎఫ్‌డబ్ల్యూ, రాజ్‌కోట్ జ్యోతి, కోయంబత్తూరు ఎల్ఎండబ్ల్యూ, మన హైదరాబాద్‌లోనే ఉన్న లోకేశ్ మెషిన్స్, వీటిలో ఏదైనా మీ బుష్‌లు కోస్తుంది. క్యాటలాగ్‌లో ర్యాపిడ్ స్పీడ్ పోల్చుకుంటూ కూర్చోకండి. మీ గల్లీలో ఏ మెషిన్లు ఎక్కువున్నాయో చూసి, ఆ ఓనర్లను ఒక్క ప్రశ్న అడగండి: బ్రేక్‌డౌన్ అని ఫోన్ చేస్తే ఇంజినీరు ఎన్ని గంటల్లో వస్తాడు? కంట్రోల్ కూడా అంతే, ఫానక్ అయినా సీమెన్స్ అయినా మిత్సుబిషి అయినా మీ చుట్టుపక్కల ఆపరేటర్లకు ఏది అలవాటో అది తీసుకోండి. మీ జాబుల్లో ఎక్కువసార్లు వచ్చే రెండు మూడింటి డ్రాయింగులు పార్టీ పేరు తీసేసి పెడితే సైకిల్ టైమ్ అంచనా వేసి చెబుతాను, దాంతో పైన వేసిన లెక్కలో మీ అసలు అంకెలు పెట్టుకోవచ్చు.